సప్పుడు లేని దారిలో ఇద్దరు వియ్యపురాళ్ళు

వియ్యపురాళ్ళిద్దరూ ఒకే వంటింట్లో ఇరవై రోజులు గడపాల్సి వస్తే ఎలా ఉంటుందో మీలో కొందరికి అనుభవమే అయ్యుంటుంది. మాది తెనాలి. వాళ్ళది హన్మకొండ. అమెరికాలో సియాటిల్ దగ్గర ఉంటున్న మా అమ్మాయి బాబుని చూసుకోవడానికి ఆర్నెల్లు నేనూ, ఆర్నెల్లు మా వియ్యపురాలూ వంతులు వేసుకున్నాం. 2025 ఏప్రిల్‌లో నేను వెళ్ళాను. నేను తిరుగు ప్రయాణం కట్టడానికి ఇరవై రోజుల ముందు, సెప్టెంబరులో, ఆవిడ దిగారు. వాణ్ణి ఆవిడకి అలవాటు చెయ్యడానికి ఇరవై రోజులు చాలవేమో అని బెంగపడ్డాను గానీ, రెండో రోజుకే వాడు ఆవిడ చంకెక్కి నావైపు చూసి నవ్వుతున్నాడు!

అదలా ఉంచండి. మూడో రోజు పొద్దున పోపుల డబ్బా మూత తీస్తే ఆవాలుండాల్సిన గిన్నెలో మెంతులున్నాయి. మెంతుల చోట జీలకర్ర. మొత్తం వరసే మారిపోయింది. నేనేమో చూడకుండా చెయ్యిపెట్టి వేసేదాన్ని. ఆ పూట చారు చేదెక్కింది. నేనేమీ అనలేదు. ఆవిడా ఏమీ అనలేదు. అలా ఏమీ అనుకోకుండానే వారం గడిచింది. "ఏమే, మీ అత్తగారికి కాఫీ కావాలేమో కనుక్కో" అని నేను, "బిడ్డా, మీ అమ్మ తిన్నదా" అని ఆవిడ. మధ్యలో మా అమ్మాయి టపా బంట్రోతులా అటూ ఇటూ తిరిగింది.

ఓ రాత్రి విసిగిపోయి, "మంగళ, బుధవారాలు నేను సెలవు పెట్టాను. బాబుని వాళ్ళ నాన్న చూసుకుంటాడు. మీరిద్దరూ నాతో కారెక్కండి" అంది.

"ఎక్కడికే?"

"అడవికి."

ఈ వయసులో మాకు వానప్రస్థమేమిటే అన్నాను. "వానప్రస్థమే, నిజంగా వానలోకే" అంది నవ్వుతూ.

అసలు నాకు అడవంటే భయం లేదు. మలుపుల రోడ్డంటేనే భయం. శ్రీశైలం ఘాట్‌లో నేను పడ్డ అవస్థ మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. అందుకని ఎండబెట్టిన ఉప్పు ఉసిరికాయ ముక్కలూ, ఓ నిమ్మకాయా, ఎందుకైనా మంచిదని నాలుగు కవర్లూ సంచిలో పెట్టుకున్నాను. రాత్రే పులిహోర కలిపాను. వదిన గారు తన సూట్‌కేసులోంచి సకినాల డబ్బా తీసి మాట్లాడకుండా నా పులిహోర గిన్నె పక్కన పెట్టారు.

కారు ఓడెక్కింది

ఎడ్మండ్స్ అనే రేవులో కారు తిన్నగా ఓడ కడుపులోకి వెళ్ళిపోయింది. మనం దిగి పైకెళ్ళి కూర్చోవచ్చు. అరగంటలో అవతలి ఒడ్డున కింగ్‌స్టన్. అక్కణ్ణించి కాస్త దూరంలో హుడ్ కెనాల్ అనే సముద్రపు పాయ మీద వంతెన వస్తుంది. రాజమండ్రి వంతెనలా దీనికి నీళ్ళ అడుగుదాకా స్తంభాలుండవు. లోపల గుల్లగా ఉండే పెద్ద పెద్ద సిమెంటు పెట్టెలు నీళ్ళమీద తేలుతుంటే వాటిమీద రోడ్డు వేశారు. మైలు పైచిలుకు తేలే రోడ్డు! 1979 ఫిబ్రవరి తుఫానులో సగం వంతెన మునిగిపోతే 1982లో గానీ మళ్ళీ తెరవలేదట. ఈ ముక్క మా అమ్మాయి వంతెన దాటాక చెప్పింది, అదీ తెలివంటే.

ఇప్పుడు ఓ వింత వినండి. ఆ దారిలో స్క్విమ్ అనే ఊరుంది, లావెండర్ పూలతోటలకి పేరు. అక్కడ ఏడాది మొత్తం మీద పడే వాన దాదాపు 16 అంగుళాలు. మన అనంతపురంలో పడేదానికంటే తక్కువ. మేం వెళ్ళే హో అడవి అక్కణ్ణించి అడ్డంగా కొలిస్తే ఎంతో దూరం లేదు. అక్కడేమో ఏడాదికి 140 అంగుళాలు, అంటే దాదాపు 12 అడుగుల నీళ్ళు! మన కోస్తాలో 40 అంగుళాలు పడితే ఆ ఏడు వానలు బాగా పడ్డాయని చెప్పుకుంటాం. ఈ తేడాకి కారణం మధ్యలో ఉన్న ఒలింపిక్ కొండలు. పసిఫిక్ సముద్రం మీదినుంచి నీళ్ళు నింపుకుని వచ్చే మబ్బులు ఆ కొండల్ని ఎక్కలేక పడమటి వైపే గుమ్మరించేస్తాయి. కొండ దాటి ఇటు వచ్చేసరికి వాటి చేతిలో ఏమీ మిగలదు. కేరళలో కుండపోత, కనుమలు దాటి ఇటు వస్తే బీడు, అచ్చం అలాగే.

ఆ రాత్రి పోర్ట్ ఏంజెలిస్‌లో ఆగాం. హోటలు గదిలో రెండు మంచాలు. ఒకటి మా అమ్మాయికి ఇచ్చి, మిగతా ఒక్కదాని మీదా మేమిద్దరం చెరో అంచునా పడుకున్నాం. మధ్యలో ఇంకో మనిషి పట్టేటంత చోటుంది.

హో నది పక్కన పద్దెనిమిది మైళ్ళు

తెల్లారి ఏడింటికల్లా బయల్దేరాం. ముందు క్రెసెంట్ సరస్సు. రోడ్డు నీళ్ళ అంచునే మెలికలు తిరుగుతూ పోతుంది. ఒకవైపు కొండ, ఒకవైపు నీలం నీళ్ళు, 600 అడుగులు పైబడిన లోతు. నేను కళ్ళు మూసుకుని ఉసిరికాయ చప్పరించడం వల్ల ఆ అందం గురించి ఇంతకంటే చెప్పలేను. అమ్మాయి మాత్రం మలుపు మలుపుకీ నెమ్మదించి, వెనక బండి తరుముతుంటే పక్కకి ఆపి దాన్ని పోనిచ్చి, మళ్ళీ బయల్దేరేది. ఇలాంటి రోడ్లమీద పక్కకి ఆగడానికి అక్కడక్కడా కాస్త చోటు ఉంచుతారట. పెళ్ళికి ముందు స్కూటీ మీద పక్కవీధికి వెళ్ళొస్తేనే గుమ్మంలో నించునేదాన్ని. ఇప్పుడీ పిల్ల చేతిలో ప్రాణాలు పెట్టి కూర్చున్నాను.

ఫోర్క్స్ అనే చిన్న ఊళ్ళో పెట్రోలు నింపుకున్నాం. ఆ తర్వాత అడవిలోకి బంకులుండవు. (రక్తం తాగే దయ్యాల ప్రేమకథ 'ట్వైలైట్' ఈ ఊళ్ళోనే జరిగిందని రాశారు కాబట్టి కుర్రకారు ఇక్కడ ఫోటోలకి ఎగబడతారు. మేం బాత్‌రూముకి ఆగాం.) అక్కణ్ణించి దక్షిణంగా పదమూడు మైళ్ళు వెళ్ళాక ఎడమచేతికి ఓ రోడ్డు చీలుతుంది. పేరు అప్పర్ హో రోడ్డు. అదీ మా అసలు దారి. పద్దెనిమిది మైళ్ళు, మన లెక్కలో 29 కిలోమీటర్లు. వెళ్ళిన దారినే తిరిగి రావాలి, వేరే దారి లేదు.

మొదటి పన్నెండు మైళ్ళు చూసి "ఇంతేనా" అనుకోకండి. అది పార్కు బయటి భాగం. కలప కోసం కొట్టేసి మళ్ళీ నాటిన చెట్లు, అన్నీ ఒకే ఎత్తున, ఒకే వయసువి, స్కూలు పిల్లల వరసలా ఉంటాయి. మధ్యలో నాలుగిళ్ళు, ఒకటో రెండో కొట్లు. పక్కనే హో నది. ఆ నది నీళ్ళు తేటగా ఉండవు, పాలు కలిపినట్టు తెల్లగా, కాస్త నీలంగా ఉంటాయి. ఒలింపస్ శిఖరం మీద మంచుగడ్డలు నెమ్మదిగా జారుతూ కింది రాయిని మరపిండిలా నూరేస్తే, ఆ పిండి నీళ్ళలో కలిసి వచ్చే రంగది. వదిన గారు చూసి "బియ్యం కడిగిన నీళ్ల లెక్కున్నది" అన్నారు. నేను వెంటనే "అవునండీ" అన్నాను. అనేశాక గుర్తొచ్చింది, మేం మాట్లాడుకోవడం లేదని!

ఈ నది చల్లగా కనిపిస్తుంది గానీ మాటవినే రకం కాదు. 2024 డిసెంబరు వానల్లో ఒడ్డు కోసుకుంటూ వచ్చి రోడ్డు ముక్కనే మింగేసింది. పార్కులోకి అటునించి కార్లు వెళ్ళే దారి అదొక్కటే, దాంతో అడవి మూతపడింది. యాత్రికులు రాకపోతే ఆ రోడ్డు మీదున్న కొట్లకీ, ఫోర్క్స్‌లోని హోటళ్ళకీ బేరాలేవి? బాగుచేయించే స్తోమత కౌంటీకి లేదు. చివరికి రాష్ట్ర ప్రభుత్వం 6 లక్షల 20 వేల డాలర్లకు పైగా ఇచ్చింది. చుట్టుపక్కల వ్యాపారస్తులూ జనమూ చందాలు వేసుకున్నారు. 2025 మే 8న మళ్ళీ తెరిచారు. మేం వెళ్ళేనాటికి నాలుగున్నర నెలలు. ఒకచోట ఒడ్డున కొత్తగా పోసిన పెద్ద పెద్ద బండరాళ్ళు కనిపించాయి. "ఇక్కడేనమ్మా" అంది అమ్మాయి. ఆ నాలుగిళ్ళలో ఉండే ఆడవాళ్ళు ఆ చలికాలం ఎలా నెట్టుకొచ్చారో పాపం.

పన్నెండో మైలు దగ్గర పార్కు గేటు. టికెట్టు కారుకి ఒకటే, ఎంతమంది ఉన్నా సరే, వారం రోజులు పనికొస్తుంది. ఫోన్లో దారి చెప్పే అమ్మాయి ఎప్పుడో నోరు మూసేసింది. సిగ్నలు లేదు. గేటు దాటాక ఆరు మైళ్ళు.

ఆ ఆరు మైళ్ళూ నేను కళ్ళు మూసుకోలేదు. ఇది ఘాటు రోడ్డు కాదు. నది పక్కనే దాదాపు సమంగా పోతుంది, ఏ పెద్ద చెట్టు అడ్డొస్తే దాని చుట్టూ ఒంగి వెళుతుంది. కడుపులో తిప్పడం లేదు సరికదా, ఒక మలుపు తిరిగితే ఇంకో మలుపు ఎప్పుడొస్తుందా అని చూడసాగాను. రెండువైపుల కొమ్మలూ నెత్తిమీద కలిసిపోయి, వెలుతురు కూడా ఆకుపచ్చగా దిగుతోంది. చెట్టు మొదలు నుంచి కొమ్మ చివరిదాకా నాచు. కొమ్మలకి నాచు గడ్డాల్లా వేలాడుతోంది. రాళ్ళమీద నాచు, పడిన దుంగల మీద నాచు. మా పెరట్లో బావిగట్టు మీద కాస్త నాచు పడితే సున్నం కొట్టి రుద్దేదాన్ని నేను! ఇక్కడ దాన్ని చూడ్డానికి దేశదేశాల నుంచీ వస్తున్నారు.

వానల అడవి అంటే మనకి వేడీ, ఉక్కా, జలగలూ గుర్తొస్తాయి. ఇది చలిప్రదేశపు వానల అడవి, పుస్తకాల్లో సమశీతోష్ణ వర్షారణ్యం అంటారు. అలాస్కా నుంచి కాలిఫోర్నియా ఉత్తరం దాకా ఈ సముద్రపు అంచూ, చిలీ దక్షిణాన, న్యూజిలాండ్‌లో, టాస్మానియాలో, ఇలా ప్రపంచం మొత్తం మీద కొద్దిచోట్లే ఉన్నాయి. ఇక్కడి సిట్కా స్ప్రూస్ చెట్లు 250 అడుగులు దాటేవి ఉన్నాయి. మా మంగళగిరి గాలిగోపురం 153 అడుగులు. గోపురం మీద ఇంకో గోపురం పెట్టి తల వెనక్కి వంచి చూడండి, అలా ఉంటుంది.

నది ఇసుకదిబ్బల మీద ఎల్కుల గుంపొకటి మేస్తోంది. మన కణుజుకంటే చాలా పెద్దవి. అమ్మాయి కారు పక్కకి ఆపి అద్దం దించింది. మగ ఎల్కు ఒకటి మోర ఎత్తి, గొంతు బొంగురుపోయిన సన్నాయిలాగా కూసింది. ఆ జంతువు బొబ్బరిస్తుందనుకున్నాను గానీ పిల్లలు ఈల వేసినట్టుంది! సెప్టెంబరు వాటికి జోడీలు కట్టే కాలమట. 1909లో థియోడోర్ రూజ్‌వెల్టు ఈ కొండల్ని కాపాడమని ఉత్తర్వు వేసింది ప్రధానంగా ఈ ఎల్కుల కోసమే, వీటికి ఆయన పేరే పెట్టారు. నేషనల్ పార్కయింది 1938లో, అప్పుడు ప్రెసిడెంటు ఇంకో రూజ్‌వెల్టు. మనం వాటికి 50 గజాల దూరంలో ఉండాలన్నది పార్కు నియమం. వదిన గారు ఫోటో కోసం దిగబోతే నేను చెయ్యి పట్టి ఆపాను. అది నా అంతట నేను చేసిందే, అమ్మాయి చెప్పలేదు.

దుంగ మీద పిల్లలు

రోడ్డు చివర విజిటర్ సెంటరు, కారు పెట్టుకునే చోటు. అక్కణ్ణించి హాల్ ఆఫ్ మోసెస్ అనే కాలిబాట చుట్టి రావడానికి మైలు కూడా లేదు. మొదట్లో కాస్త ఎక్కుడు, మోకాళ్ళ నొప్పులున్న మాలాంటివాళ్ళు కూడా మెల్లిగా ఎక్కేయొచ్చు. మొదట్లోనే ఓ వాగు. నది నీళ్ళలా కాకుండా అద్దంలా ఉంది, అడుగున పచ్చటి మొక్కలు జడల్లా ఊగుతున్నాయి. దారి పక్కన మూడేసి గుండ్రాల ఆకులు పరుచుకున్నాయి. "వదినా, పులిచింత!" అన్నారు ఆవిడ. నిజమే, ఆ జాతిదే, మన పెరటి పులిచింతకి పెద్దక్క. "పప్పుల ఏస్తే మంచిగుంటది" అంటూ వంగారు. "అత్తయ్యా, పార్కులో మొక్క పీకకూడదు" అని అమ్మాయి. ఇద్దరం నవ్వాం.

కొంచెం ముందుకెళితే పడిపోయిన మహావృక్షమొకటి, రైలు పెట్టెంత పొడుగు. దాని వీపు మీద వరసగా చిన్న చిన్న మొక్కలు, కొన్ని జానెడు, కొన్ని మనిషెత్తు. ఇలాంటి దుంగని ఇక్కడ నర్స్ లాగ్ అంటారట, దాది దుంగ అనుకుందాం. కింద నేలమీద ఫెర్న్ ఆకులూ నాచూ దట్టంగా కమ్మేసి ఉంటాయి కాబట్టి గింజ పడినా మొలక పైకి రాలేదు. పడిన చెట్టు మీదైతే కాస్త ఎత్తు, కాస్త వెలుతురు, ఎప్పుడూ తడి. పైగా ఆ దుంగ పుచ్చుతూ పుచ్చుతూ ఆహారం ఇస్తుంది. పిల్లచెట్లు దాని మీద పెరిగి, రెండువైపులా వేళ్ళు కిందికి దించి నేలని పట్టుకుంటాయి. వందల ఏళ్ళకి దుంగ పూర్తిగా మట్టిలో కలిసిపోతుంది. అప్పుడు ఆ చెట్లన్నీ ఒకే వరసలో, కాళ్ళు ఎడంగా పెట్టుకుని నిలబడ్డట్టు ఉంటాయి, కాళ్ళ మధ్య ఖాళీ. అలాంటి వరసలు అక్కడ చాలా చూశాం. ఆ ఖాళీ ఎందుకో తెలియనివాళ్ళు అందులో దూరి ఫోటోలు తీయించుకుంటున్నారు.

వదిన గారు దుంగ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. "ఎప్పుడు వడ్డదో గని, గిన్ని పిల్లలను సాదుతున్నది" అన్నారు.

ఇక్కడ ఓ ఆడమనిషి సంగతి చెప్పాలి. పేరు నళినీ నాడ్‌కర్ణి. తండ్రి మన దేశంవాడు, ఆవిడ పుట్టిపెరిగింది అమెరికాలో. కొండలెక్కేవాళ్ళ తాళ్ళు కట్టుకుని ఈ ఒలింపిక్ అడవిలో మేపుల్ చెట్ల కొమ్మల్లోకి ఎక్కింది. కొమ్మల మీద పరుపులా పేరుకున్న నాచుని ఎత్తి చూస్తే కింద మట్టి! ఆకులు రాలి, పుచ్చి, ఏళ్ళ తరబడి తయారైన మట్టి. ఆ మట్టిలోకి చెట్టు తన కొమ్మల్లోంచే వేళ్ళు పంపి ఆ సారం తాగుతోంది. నేలలో ఉండాల్సిన వేళ్ళు గాల్లో! 1981లో ఆ సంగతి రాసేదాకా శాస్త్రవేత్తలకే ఈ మాట కొత్త. తర్వాత దగ్గర్లోనే ఒలింపియాలో కాలేజీలో పాఠాలు చెప్పింది. పూలకొట్లవాళ్ళు బొకేల అడుగున పెట్టడానికి అడవుల్లో నాచు ఒలుచుకుపోతున్నారు, ఒకసారి ఒలిస్తే మళ్ళీ పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. అందుకని జైల్లో ఖైదీలకి నాచు పెంచడం నేర్పించింది, అడవి జోలికి పోకుండా కావలసిన నాచు పెంచుకోవచ్చేమో చూద్దామని. 2015లో చెట్టు మీంచి 50 అడుగుల కిందికి పడిపోయి, ఎముకలు విరిగి, చావు దాకా వెళ్ళి, కోలుకుని మళ్ళీ పనిలోకి వచ్చింది. ఇదంతా అమ్మాయి చెబుతుంటే "ఆమెకు పిల్లలున్నరా" అని అడిగారు వదిన గారు. ఇద్దరున్నారని చెప్పింది.

ఓ మలుపులో బెంచీ లాంటి దుంగ ఉంటే మేమిద్దరం కూర్చున్నాం. అమ్మాయి ఫోటోలకని ముందుకెళ్ళింది. బుధవారం కాబట్టి దారిలో జనం పల్చగా ఉన్నారు. కొంతసేపటికి ఎవరూ లేరు.

"వదినా, సప్పుడు చూసిన్రా?" అన్నారు ఆవిడ. "అస్సలే లేదు."

నిజంగానే లేదు. నాచు చప్పుడుని పీల్చేస్తుందేమో. మిక్సీ లేదు, కుక్కరు లేదు, టీవీ లేదు, ఫోను లేదు. నా బతుకులో ఇంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. ఎక్కడో పైనించి ఒక్కో నీటిచుక్క ఆకు మీద పడుతోంది. శబ్దాలు రికార్డు చేసే గోర్డన్ హెంప్టన్ అనే ఆయన 2005 ఏప్రిల్ 22న ఈ అడవిలో, విజిటర్ సెంటరు నుంచి నది వెంట 3.2 మైళ్ళ లోపల, ఓ దుంగ మీద చిన్న ఎర్రరాయి పెట్టాడు. ఆ ఒక్క అంగుళం చోటుని మనుషుల చప్పుడు చేరకుండా కాపాడగలిగితే చుట్టూ మైళ్ళ మేర నిశ్శబ్దం నిలుస్తుందని ఆయన లెక్క. ఐతే విడ్బీ దీవిలోని నౌకాదళపు యుద్ధవిమానాలు ఈ కొండల మీద శిక్షణకి ఎగురుతాయి. మేం కూర్చున్న అరగంటలో ఒకటి వెళ్ళింది. అంతదాకా ఎంత నిశ్శబ్దంగా ఉందో అది పోయాకే నాకు పూర్తిగా తెలిసింది.

అప్పుడు ఆవిడే మాట్లాడారు. నాకేసి చూడకుండా, ఎదురుగా ఉన్న చెట్టుకేసి చూస్తూ.

"నా కొడుకును నేను సాదలే వదినా. బడి నౌకరీ. పొద్దుగాల పోతే పొద్దుమూకినంక వచ్చుడు. మా అత్తనే సాదింది. వాడు ఫస్టు నడిచిన రోజు నేను బడిల ఉన్న. గిప్పుడు గీ పిలగాడు నడుస్తడేమో, జల్ది రావాలె అని రోజులు లెక్కవెట్టుకున్న."

నాకేం మాట్లాడాలో తెలియలేదు. నేను మా అమ్మాయిని ఒక్కరోజు కూడా వదిలి ఉండలేదు, పెళ్ళయ్యేదాకా. అదే చెప్పాను. ఆర్నెల్లు మనవణ్ణి మోసి, వాడు అడుగు వేసే ముందు విమానం ఎక్కాలంటే ఎలా ఉందో కూడా చెప్పాను. ఎవరితోనూ అనలేదు అప్పటిదాకా, మావారితో ఫోన్లో కూడా.

కాసేపాగి, "పోపుల డబ్బ సదిరిన అని మీకు కోపమొచ్చిందని నాకెర్కనే" అన్నారు. "ఉత్తగ కూసుంటే సుట్టమొచ్చినట్టనిపిచ్చింది."

"చారు చేదైంది వదిన గారూ" అన్నాను.

"అయింది. నేను గూడ తిన్న గద!"

మా నవ్వు విని అమ్మాయి పరుగెత్తుకొచ్చింది, ఏమైందో అని.

మీరు వెళితే

అమెరికాలో పిల్లలున్న వాళ్ళు ఇప్పుడు మనలో ఎంతోమంది. సియాటిల్ వైపు వెళితే మాల్సూ గుళ్ళూ చూపించి పంపించేయనివ్వకండి, ఈ రోడ్డు అడగండి. ఒక్కరోజులో వెళ్ళి రావాలంటే కూర్చుని కూర్చుని నడుం పడిపోతుంది. రాత్రికి పోర్ట్ ఏంజెలిస్‌లో గానీ ఫోర్క్స్‌లో గానీ ఆగాలి. జులై, ఆగస్టుల్లో వాన తక్కువే గానీ జనం ఎక్కువ. కార్లు పెట్టే చోటు నిండిపోతే గేటు దగ్గరే ఆపేసి, ఒకటి బయటికొస్తే ఒకదాన్ని లోపలికి వదులుతారు, గంటలు పట్టొచ్చు. పొద్దున్నే చేరాలి, వీలైతే మామూలు పనిదినాల్లో. అడవి అసలు రంగు చూడాలంటే వాన పడుతున్నప్పుడే చూడాలంటారు. చలికాలంలో మాత్రం రోడ్డు తెరిచి ఉందో లేదో ముందే కనుక్కుని బయల్దేరాలి.

చీర వద్దు. కుచ్చిళ్ళు తడిసి కాళ్ళకి చుట్టుకుంటాయి. పంజాబీ డ్రెస్సు, పట్టున్న బూట్లు, టోపీ ఉన్న రెయిన్‌కోటు. నాచుపట్టిన చెక్కల మీద జాగ్రత్త. అరటిపండంత పొడుగున్న పసుపుపచ్చ నత్త, గుల్ల లేనిది, దారికి అడ్డంగా పాకుతుంది, చూసి కెవ్వుమనకండి, తొక్కకండి. తిండి మనమే తీసుకెళ్ళాలి, లోపల హోటలు లేదు. పులిహోరలో ఆవపిండి పట్టించి, నూనె కాస్త ముందుంటే రెండోరోజుకి ఇంకా బావుంటుంది. పెరుగన్నం మాత్రం ఐసు పెట్టెలో పెట్టుకోండి. మిగిలిన మెతుకు కూడా బయట పారేయకూడదు, ఎలుగుబంట్లు మరుగుతాయి. మేం బల్లల దగ్గర కూర్చుని తింటుంటే నీలం రంగు జే పిట్ట ఒకటి సకినం కేసి ఆశగా చూసింది. దానికీ పెట్టకూడదట. వదిన గారికి అది చాలా కష్టమనిపించింది.

తిరుగు దారిలో ముందు సీటు నాకిచ్చారు, కళ్ళు తిరుగుతాయని. ఉసిరికాయ అక్కర్లేకపోయింది. క్రెసెంట్ సరస్సు ఈసారి చూశాను. వెనకసీట్లో ఆవిడ నిద్రపోతున్నారు, సకినాల డబ్బా ఒళ్ళో పెట్టుకుని.

మర్నాడు పొద్దున పోపుల డబ్బా తీస్తే గిన్నెలన్నీ నా వరసలోనే ఉన్నాయి. ఆవాలు మధ్యలో, పక్కన జీలకర్ర, మెంతులు అవతల. ఆవిడ ఇంకా లేవలేదు. ఒక్కో గిన్నే తీసి మళ్ళీ ఆవిడ పెట్టుకున్న వరసలోనే పెట్టేశాను. ఇంకో పది రోజుల్లో ఆ వంటిల్లు ఆవిడదే. ఆ పది రోజులూ పోపు వేసేముందు చూసి వేశాను.